పన్నెండు పాత గోతాలు

ఏప్రిల్ 21, సోమవారం

ఈరోజు పనులు: రెండు బకెట్ల బట్టలు. గేదెకు దాణా. మామిడి ఒరుగులు ఎండకు. అటక దులపడం.

అటక మీది పాత గోతాలు పన్నెండు దింపి ఎదురింటి అమీనాబీకి ఇచ్చాను. మొక్కజొన్న ఎత్తడానికి కొత్తవి కొనబోతుంటే నేనే ఆపాను. ఇన్ని ఉండగా దండగెందుకే అన్నాను. పంట ఇప్పుడే అమ్మరట. జులైలో రేటు పెరిగాక అమ్మి, ఇంటి మీద రేకులు మార్పిస్తారట. పోయిన వానాకాలం కారని చోటు వెతుక్కుంటూ మంచాలు జరుపుకున్నారు.

మే 30

ఆవకాయ జాడీకి గుడ్డ కట్టాను. విశేషాలు లేవు.

జూన్ 17, మంగళవారం

అమీనాబీ కేకేస్తే పరుగెత్తాను. గోతంలో చెయ్యి పెడితే వేడి. గుప్పెడు గింజలు తీస్తే బరువే లేదు. గింజగింజకూ చిల్లు, అడుగున పిండి. ముక్కు పురుగులు నా మోచేతి దాకా పాకాయి. జనవరిలో వాళ్ళిద్దరూ మొక్కమొక్కకీ సుడిలో వేలు పెట్టి కత్తెర పురుగును ఏరి, కాపాడుకున్న పంట ఇది.

ఇంకో రెండెండలు ఆరనియ్యవయ్యా అంటే వింటివా, ఆటో బాడుగ పోద్దని ఎత్తిస్తివి, ఇప్పుడు పురుగులకి పెళ్ళి భోజనాలు పెట్టుకో అని మొగుడు మీరావలిని దులిపేసింది. అతను జల్లెడ పడుతున్నాడు. వాళ్ళ పక్క చేనువాళ్ళు కూడా అదే రోజు ఎత్తారు. వాళ్ళది శుభ్రంగా ఉందట.

అదే రోజు, సాయంత్రం

నిరుడు డైరీ తీశాను. ఆగస్టు 9న రాసుకున్నాను: "గోతాల కుట్లలో పురుగుంది. వేడినీళ్ళలో ఉడకబెట్టి ఎండేయాలి."

పక్కన టిక్ లేదు. చేసిన పనికి టిక్ పెట్టకుండా నేను పడుకోను.

ఈయనకు చూపించాను. ఆ పేజీ చింపెయ్యి, నీ డైరీ నువ్వు తప్ప ఎవరు చదువుతారు, కోర్టుకిస్తావా ఏంటి అన్నారు.

జూన్ 19

చెప్పలేదు.

జూన్ 20

చెప్పలేదు. అమీనాబీ మీరావలికి అన్నం గిన్నె బయట అరుగు మీదే పెట్టింది. తలెత్తకుండా తిన్నాడు.

జూన్ 22, ఆదివారం

డైరీ పట్టుకుని వెళ్ళాను. ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ పేజీ చదివాను. పురుగు నా గోతాల్లోంచి వచ్చింది, మీరావలి తప్పేం లేదు అన్నాను.

మీరావలి జల్లెడ కింద పెట్టి, పోనీలెండి వదినగారూ, కావాలని చేశారా అన్నాడు. అమీనాబీ నా చేతిలోని డైరీ వైపు చూసింది. అయిదు రోజులు నా మొగుణ్ణి నా చేత తిట్టించావక్కా అంది. లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

జులై 8

ఏరి జల్లెడ పట్టగా ఏడు గోతాలు తేలాయట. నందిగామలో కోళ్ళ దాణా వ్యాపారి తక్కువకు తీసుకుని గోతాలు తిరిగిచ్చాడట. పోయింది అయిదు.

మన గేదెకని డ్రమ్ముల్లో దాచిన మొక్కజొన్న అయిదు కొత్త గోతాల్లో నింపి వాళ్ళ అరుగు మీద పెట్టించాను. గేదె ఏం తింటుంది అని ఈయన అడిగారు. గడ్డి అన్నాను.

తలుపు తియ్యలేదు. చీకటి పడేలోపు గోతాలు మాత్రం లోపలికి వెళ్ళాయి.

జులై 26, శనివారం

పొద్దుటి నుంచి వాన. ఎదురింటి కొత్త రేకుల చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

మన అరుగు మీద పాత గోతాలు పదకొండు ఉన్నాయి. ఉడకబెట్టి, ఎండేసి, మడిచినవి. పన్నెండోదాని కోసం వెళితే వాళ్ళ గుమ్మంలో పరిచి ఉంది. తడుస్తావేంటక్కా, కాళ్ళు తుడుచుకుని రా అంది అమీనాబీ.

తుడుచుకుని వెళ్ళాను.

నిరుడు ఆగస్టు 9 పక్కన ఇప్పుడు టిక్ పెట్టాను. బాకీ చెల్లు.