రెండో బోల్టు బిగించకముందే

నంద్యాల

అన్న చెన్నకేశవులుకు తమ్ముడు ఓబులేసు వ్రాసేది. నా చేయి పోయిందని ఆళ్లగడ్డలో అనుకుంటున్నారట. చేయి వుంది, ఎడమచేతి రెండు వేళ్లే పోయాయి. అమ్మకు నిదానంగా చెప్పు.

మీ మామ శేషయ్య ఆయిలింజను ఇరుసుకు గాడి కోయించుకోవడానికి మా వర్కుషాపుకు వచ్చాడు. ఇరుసును పట్టుకునివున్న వైసును మిల్లింగ్ మిషను బల్ల మీద పెట్టి, వంకర చూపే డయలు ముల్లు కదలకుండా నిలిచేదాకా మెల్లగా తట్టి సరిచేశాను. ఒక బోల్టు బిగించి రెండోదానికి వంగాను. "ఇంగెంతసేపప్పా? ఆయప్ప బేగా పోవల్లంట" అంటూ మేస్త్రీ మిషను తిప్పేశాడు. కత్తి ఇరుసుకు తగలగానే వైసు పక్కకు తిరిగి నా వేళ్లను నలిపేసింది.

బోల్టు బిగించకపోవడం నా తప్పేనని షావుకారు పనిలోంచి తీసేశాడు. పక్కనే నిలబడి చూసిన మీ మామను అడిగితే, "నేను బీడీ ముట్టిస్తాంటి, ఏమీ సూడలేదప్పా" అన్నాడు. తర్వాత అదే మేస్త్రీ చేత గాడి కోయించుకుని పోయాడు. ఆయన నిజం చెబితే షావుకారు వింటాడు. నువ్వొకసారి అడుగు. వదిన బాధపడుతుందని నోరు మూసుకోకు.

కట్టు కట్టుకోవడానికి పాత పంచె గుడ్డ పంపించు. ఎర్రావు ఈనిందా? శనక్కాయ పీకారా? అమ్మకూ నాయనకూ దండాలు, పిల్లలకు దీవెనలు.

మీ మామ చెప్పనంటే నాకు చేలోనే పని చూడు. నాగలి మేడి పట్టడానికి మూడు వేళ్లు చాలునేమో నాయనను అడిగి వ్రాయి.