నేను రాసివ్వని ఆ ఒక్క కాగితం

రోజిన్,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఇర్వింగ్‌లో మన అపార్ట్‌మెంట్ల దగ్గరి లైబ్రరీలో నీ బొమ్మలు పెట్టారు. చూసి వచ్చాను.

మొదటి బొమ్మలో కాలిపోయిన మీ కుర్దు ఊరు ఉంది. దాని ముందు నిలబడలేకపోయాను. నిన్ను ఆ దేశానికి వెనక్కి పంపకుండా ఉండాలంటే, నువ్వు నాకు తెలుసని కోర్టుకి రాసిమ్మని ఆనాడు అడిగావు. "నా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, రిస్క్ తీసుకోలేను" అన్నాను. రిస్కేమీ లేదని నీ లాయర్ చెప్పినా వినలేదు. నువ్వు కేసు ఓడిపోయి వెళ్ళావు, అక్కడే జబ్బుపడి పోయావు.

ఇక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మీ అమ్మాయి, నువ్వు పంపిన ఫొటోల్లో చూసిందట, నన్ను గుర్తుపట్టింది.

"ఆంటీ, అమ్మ ఫోన్‌లో ఎప్పుడూ మీ గురించే చెప్పేది. ఫీవర్ వస్తే రసం తెచ్చేవారట కదా!"

కాగితం సంగతి నువ్వు తనకి చెప్పనే లేదు. నేనే చెప్పేశాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. తర్వాత నన్ను చివరి బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అందులో అదే ఊళ్ళో కొత్తగా కట్టిన బడి ముందు పిల్లలు పరుగెడుతున్నారు.

"అమ్మ అక్కణ్ణించి లాస్ట్‌గా వేసి పంపింది ఇదే. చూడండి ఆంటీ."

క్షమించానని తను అనలేదు. అడిగే ముఖం నాకూ లేదు. లైబ్రరీ మూసేదాకా ఇద్దరం ఆ పిల్లల్నే చూస్తూ నిలబడ్డాం.