ఇనుప తలుపుకి ఇవతల

అక్కా,

నీ ఉత్తరాలు మూడూ అందాయి. అలిగానేమో అనుకున్నావు. కాదు, రాయడానికి చెయ్యి రాలేదు.

పోయిన మంగళవారం పొద్దున ఓడ అడుగు పగిలి పంపు గదిలోకి నీళ్ళు దూసుకొచ్చాయి. ఆ పూట డ్యూటీ నాది. లోపల ముసలి మెకానిక్ ఉన్నాడు. ఈ ఓడెక్కిన మొదటి ఆడ ఆఫీసర్ని నేనేగా, "ఇక ఇంజనుకి కూడా పరదాలు కుట్టించాలి" అని నవ్వినవాడు ఆయనే. తర్వాత పక్కన కూచోబెట్టుకుని ఒక్కో పంపూ విప్పి చూపించిందీ ఆయనే. రమ్మని అరిచాను. కాలు ఇరుక్కుందన్నాడు. ఆయన్ని లాగడానికి ఇద్దరు కుర్రాళ్ళు దిగబోతే నేనే ఆపాను. నీళ్ళు గడప దాటితే పక్కనే ఇంజను గది. ఓడలో నూటపది మందిమి. "ఒక్క నిమిషం మేడమ్, వచ్చేస్తున్నా" అన్నాడు.

నీళ్ళని ఆపే ఇనుప తలుపు మూయించాను. ఓడ మునగకుండా నిలిచింది.

ఎల్లుండే విచారణ. కెప్టెన్ పిలిచి, "చూడమ్మా, అతను లోపలున్నాడని తెలీదని చెప్పు. ఆ ఇద్దరితో నేను మాట్లాడతాను. ఇదే పని నేను చేస్తే ధైర్యమంటారు, నువ్వు చేస్తే రాతిగుండె అంటారు. నీ వెనక రావాల్సిన ఆడపిల్లల దారి మూసుకుపోతుంది" అన్నాడు.

అలాగే చెప్పేస్తానే. చెప్పి, రాజీనామా వాళ్ళ మొహాన పడేసి వచ్చేస్తాను.

నీ చెల్లి


అక్కా,

అనుకున్నట్టు జరగలేదు.

విచారణ గదిలో వెనక బల్ల మీద మెకానిక్ భార్య కూచుంది. 'తెలీదు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిణ్ణి చూశాక బయటికి రాలేదు. "తెలుసు" అన్నాను. "వచ్చేస్తున్నానని కూడా అన్నాడు. అయినా మూయించాను." కెప్టెన్ తల దించుకున్నాడు.

వరండాలో ఆవిడ నాకు అడ్డంగా నిలబడింది.

"లోపల ఎవరున్నారో కూడా చూడకుండా మూశారని చెప్పారు నాకు. మనిషి ఉన్నాడో లేడో కూడా ఎవరికీ పట్టలేదనుకున్నా. తెలిసే మూశారా?"

"తెలిసే."

"మిమ్మల్ని క్షమించను."

"వద్దండీ" అన్నాను.

వెళ్ళబోయి ఆగింది. "రేపు ఆయన సామాను కోసం ఓడకొస్తా. ఎవరెవరో తాకొద్దు. మీ చేత్తోనే సర్దివ్వండి."

తీర్పుకి నెల పడుతుందట. తీసేస్తే తీసేయనీ, నా అంతట నేను మాత్రం ఈ ఓడ దిగను. ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించు. ఏడిస్తే ఏడవనీ. మధ్యలో మాత్రం ఆపకు.

ఇంకా డ్యూటీలోనే ఉన్న
నీ చెల్లి