పిండినల్లి

గోడాదరా,
గురువారం

జమునా, నా పిచ్చి నేస్తమా,

ఫోన్ చేయక కాగితం పట్టుకుందేంటని నవ్వకు. ఒక్క గది ఇంట్లో గుసగుస కూడా అందరికీ వినిపిస్తుంది. ఆనంద్‌లో నీ హాస్టల్ గదిలో నాకోసం ఆపిన మంచం ఇంకా ఖాళీగానే ఉందా? నాకు మీ ఊరి కాలేజీలో ఎమ్మెస్సీ సీటు వచ్చిందని చెప్పినరోజు, సాంచల కార్ఖానాలో మగ్గాలు నడిపి వచ్చిన నాన్న చేతులైనా కడుక్కోలేదు. కిటికీలో మనీప్లాంట్‌కూ క్రోటన్‌లకూ పట్టిన తెల్లటి పిండినల్లిని చూపించాడు. "బాటనీ సదివిననంటవ్, ఇంట్ల నాలుగు కుండీలకు పురుగు తియ్యరాదు. మూడు వారాలిస్తున్న, సాఫ్ చెయ్యి. ఆనంద్‌కు నేనే టికెట్ తీస్త." ఆ గడువు ఈ ఆదివారంతో సరి. సోమవారమే అడ్మిషన్‌కు ఆఖరి రోజు. బుద్ధిలేక ఒప్పుకున్నాను.

ఒక్కో ఆకు తిప్పి స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను. సబ్బునీళ్లు, వేపనూనె కొట్టాను. రెండు రోజులు నిగనిగలాడతాయి, మూడోరోజు కాడల సందుల్లో మళ్లీ తెల్లగా. ఎందుకో ఈ పొద్దున తెలిసింది. అమ్మ వంగి, వాడిన మందారాలను నా కుండీల్లో కుక్కుతోంది. ఒక పువ్వు తీసి చూశాను. తొడిమె నిండా పిండినల్లి. నాన్న ఎదురుగానే అడ్డం పడ్డాడు. అమ్మ మాత్రం చాటుగా పురుగును పెంచుతోంది. కన్నతల్లి, జమునా!

నీ సుమన

గోడాదరా,
మంగళవారం

జమునా,

ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చేయమను.

శుక్రవారం అడిగేశాను: "నేను పోవద్దంటే నోటితో చెప్పు. పురుగులెందుకు?" అమ్మ తెల్లబోయింది. "ఏం పురుగులే? నీ సీటు కోసమే నలభై ఒక్క దినాలు అమ్మవారికి మందారాలు పెడతనని మొక్కుకున్న. దేవుని పూలు కాళ్ల కింద పడేస్తమా? నీ చెట్ల మొదట్ల ఏస్తే నీకే సల్లగుంటదనుకున్న." గేటు దగ్గరి చెట్టువట ఆ పూలు. బాటనీ చదివిన నేను ఒక్కనాడైనా ఆ చెట్టు వైపు చూడలేదు.

పూలన్నీ ఏరేశాను. రెండు రోజుల్లో ఎంత తుడిస్తే మాత్రం గుడ్లు పోతాయా? ఆదివారం నాన్న క్రోటన్ ఆకు తిప్పి, "గిదేంది?" అన్నాడు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. పూల సంగతి నేను చెబితే నాన్న బతికినంతకాలం ఆ మాటతో ఆమెను పొడుస్తాడు. నోరు మూసుకున్నాను. "నాకు ఎర్కనే. ఆ డిగ్రీ కాయితాలు పెట్టెల పెట్టు," అన్నాడు. గెలిచినవాడిలా కూడా లేడు, బరువు దిగినవాడిలా ఉన్నాడు. అదే ఎక్కువ మండింది.

నిన్నటితో అడ్మిషన్ గడువూ అయిపోయింది. ఈ పొద్దున అమ్మ మళ్లీ పూలు కోసుకొచ్చింది.

"ఇంకెందుకమ్మా?"

"ఇంకా ఆరు దినాలున్నయ్ బిడ్డా. మొక్కు నడుమ ఇడిస్తే నీకే కీడు."

పూజయ్యాక ఆ పూలను కవర్లో కట్టి, తాపీ నదిలో కలిపి రమ్మని నా చేతికే ఇచ్చింది. రెండు ఆటోలు మారి వెళ్లి కలిపి వచ్చాను. ఇంకా ఐదు రోజులు కలపాలి.

సుమన