రాధ దాచిన తలనొప్పి

అక్కా,

నిన్న నీ తద్దినం పెట్టాము. ఈ రోజు నీ రాధను డయాలసిస్‌కు తిరుపతి తీసుకొచ్చాను. రక్తం పెరగడానికి సూది మొదలుపెట్టాక పిల్లకు ఓపిక వచ్చింది. వడమాలపేట బడిలో మళ్ళీ పాఠాలు చెబుతోంది.

కానీ పొద్దున బస్సులో కణతలు నొక్కుకుంటూ, "చిన్నమ్మా, తల పగిలిపోతా ఉండాది. నర్సుకు చెప్పబాకు. సూది ఆపేస్తే మళ్ళీ మంచమే నాకు" అంది.

ఆ మందు రక్తాన్ని పెంచుతూనే, కొందరికి రక్తనాళాల గోడల్లోని కండరాన్ని బిగించి బీపీ పెంచుతుందని, తలనొప్పి వస్తే వెంటనే చెప్పాలని డాక్టరు ముందే హెచ్చరించారు.

ఆసుపత్రిలో బీపీ చాలా ఎక్కువగా ఉంది. "బస్సు దిగి ఉరుకులాడినాను, అందుకే" అంది రాధ.

సూది చేతిలో పట్టుకుని నర్సు నన్ను చూసింది. "తలనొప్పి ఏమన్నా ఉండాదామ్మా ఈ పిల్లకి?"

రాధ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మనసులో గోవిందుణ్ణి తలుచుకున్నాను.

"ఉండాది తల్లీ. పొద్దున్నించీ."

నర్సు సూది పక్కన పెట్టి డాక్టరు కోసం పరుగెత్తింది. బీపీ దిగేదాకా సూది వద్దన్నారాయన.

"మా అమ్మైతే చెప్పేది కాదు" అని రాధ గోడవైపు తిరిగి పడుకుంది.

చెప్పేదానివే కదా, అక్కా?