కాజా కుట్టును ఆనవాలు పట్టి చిరునామా చెప్పేసిన తప్పు

చిన్న వ్యాపారాల లైసెన్సు అధికారి గారి సముఖమునకు, దర్జీ దుకాణంలో ముప్పయ్యేళ్లు చొక్కాలకు కాజాలు కుట్టిన ముసలిది రాసుకున్న అర్జీ.

తేదీ: పన్నెండు, మంగళవారం.

అయ్యా,

తమరు కులాసాయేనా? ఇంట్లో అమ్మగారు, పిల్లలు బాగున్నారా? నిన్న ఫోన్ ఎత్తిన మీ గుమాస్తా అమ్మాయి మూడు మాటలకు ఒకసారి దగ్గింది, కాస్త వేడినీళ్లు తాగమనండి. నాకు ఒక కంటికి ఆపరేషన్ అయి కట్టు ఉన్నది. రెండో కంటితో రాస్తున్నాను, వరస తప్పితే మన్నించండి.

విషయం: తమ ఆఫీసువారు ఇంటర్నెట్‌లో పెట్టిన జాబితాలో నలభై ఏడో వరసలోని కుట్టుపని మనిషి చిరునామా తీసివేయుట గురించి, ఆమెకు శుక్రవారం లోగా కబురు అందజేయుట గురించి.

1. సదరు మనిషి నా పక్క మిషను మీద నాలుగేళ్లు పనిచేసినది. పొట్టిగా ఉంటుందని బొత్తాం అనేవాళ్లం. కాజా చివర దారం రెండుసార్లు మెలిపెట్టి ముడివేయడం దానికి నేనే నేర్పాను. నిరుడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయినది. అంతకుముందు భుజం మీద కమిలిన మచ్చలుండేవి. అడిగితే "మిషను తగిలిందిలే అమ్మమ్మా" అనేది. మిషను భుజానికెట్లా తగులుతుందో ముప్పయ్యేళ్లు తొక్కినదాన్ని, నాకు తెలియదా? తెలిసీ ఊరుకున్నాను.

2. అర్జీదారుకు ఒక అలవాటు కలదు. కోడలిచ్చిన పాత ఫోన్‌లో ఎరిగినవాళ్ల పేర్లు పలికి ఇంటర్నెట్‌లో వెతికి, ఎట్లా ఉన్నారో అని చూచుకొనుట. దొంగచాటుగా ఏదీ చూడను, అందరికీ కనపడేదే చూస్తాను. "అత్తయ్యా, లోకంలో ఎవరికి జ్వరమొచ్చినా నీకు తెలియాల్సిందే" అని కోడలు దెప్పుతుంది. బొత్తాం పేరుతో ఏమీ దొరకలేదు. పోయిన నెలలో ఒక కుట్టు శిక్షణ కేంద్రంవారి పేజీలో రెండు చేతుల ఫొటో కనపడింది. ముఖం లేదు, పేరు లేదు. కాజా చివర మాత్రం నా ముడి! కేంద్రం ఏ ఊళ్లో ఉందో కిందనే రాసి ఉంది. ఆ ఊరి లైసెన్సుల జాబితా తమరే పెట్టియున్నారు. అందులో దాని పుట్టింటి ఇంటిపేరు, వీధి, తలుపు నంబరు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నవి. బతికే ఉందిలే అనుకొని ఆ రోజు కడుపునిండా తిన్నాను.

3. ఆదివారం దాని మొగుడు వచ్చి మా గడపలో కూలబడ్డాడు. "అవ్వా, తప్పు చేశాను. ఒక్కసారి కనపడితే కాళ్లు పట్టుకుంటా. ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి" అని ఏడ్చాడు.

"దేవుడి దాకా ఎందుకు నాయనా, నాకు తెలుసు" అన్నాను.

జాలిపడి చెప్పానని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. ఎవరికీ దొరకనిది నాకు దొరికిందన్న గొప్ప, అంతే. వాడు చిరునామా రాసుకున్నాడు, తలుపు నంబరు రెండుసార్లు అడిగాడు. "శుక్రవారం నాకు సెలవు, పోతా. దానికి మాత్రం చెప్పకవ్వా, నన్ను చూసి అదిరిపోవాలి" అన్నాడు. ఏడుపు ఎప్పుడు ఆగిపోయిందో నేను చూసుకోలేదు.

4. వాడు వీధి మలుపు తిరగగానే దానికి ఫోన్ చేశాను.

"అమ్మమ్మా! ఈ నంబరు నీకెట్లా తెలిసింది? ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదే తల్లీ" అన్నాను.

అయ్యా, నా నోరు పడిపోను, అట్లా అన్నది. నిజం చెబుదామని మళ్లీ చేస్తే ఫోన్ ఆపేసి ఉంది. ఇప్పటికీ అంతే. మీ గుమాస్తా అమ్మాయి "జాబితా అందరూ చూసేదే కదమ్మా, నీ తప్పేముంది?" అన్నది. ఉంది. వీధిలోకి తెరిచిన కిటికీ ఎవరికైనా కనపడుతుంది. వాణ్ణి పిలిచి మరీ చూపించిన వేలు నాది. ముందు దాన్ని అడగాల్సింది, చెప్పమంటావా వద్దంటావా అని. ఒక్క మాట.

కావున తమరు దయయుంచి, జాబితా సంగతి తరువాతనైనా సరే, ముందు వాడొస్తున్నాడని దానికి చెప్పడానికి ఒక మనిషిని ఆ ఇంటికి పంపవలెను. శుక్రవారం ఆ వీధిలో ఒక పోలీసు నిలబడేటట్లు రాయవలెను. చెప్పినది ఎవరని ఎవరడిగినా నా పేరే చూపవలెను. ఈ అర్జీని సాయంత్రం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుచున్నాను. చిత్తగించి, చిత్తగించిన గడియలోనే కదలవలెను.

తమ విధేయురాలు,
కాజాల ముసలమ్మ (వేలిముద్ర కాదు, సంతకమే)

తా.క.: కాగితం మడిచి మళ్లీ విప్పాను. అబద్ధం నా నోటితో చెప్పి, నిజం మీ నోటితో చెప్పించబోతున్నాను, ఇదేం బుద్ధి? రేపు నా కంటి కట్టు విప్పుతామన్నారు. కన్నెక్కడికీ పోదు, తిరిగొచ్చాక విప్పుకుంటారు. తెల్లారి మొదటి బస్సుకు దాని దగ్గరికి బయలుదేరుతున్నాను. అది తలుపు తీస్తే తిట్లు తింటాను, తీయకపోతే శుక్రవారం దాటేదాకా గడప మీదే కూర్చుంటాను. మీ మనిషిని కూడా అక్కడికే పంపండి. రేపు, పదమూడో తేదీ, బుధవారం, పొద్దున పది గంటలకు.