నాలుగో కప్పు

హలీమా,

నువ్వు పోయి ఏడాదయింది. నీ కూతురు సమీరా ఈ రోజు తొలిసారి మీ ఎరిత్రియా పద్ధతిలో నాకు కాఫీ పెట్టింది. ఈ సౌదీలో, ఖోబర్‌లోనే పెరిగిన పిల్ల కదా, మొదటి కప్పుకే ఫోన్ పట్టుకుని పారిపోయేది. మూడు కప్పులూ అయ్యేదాకా కూర్చోమని నువ్వు అరిచేదానివి.

ఈ రోజూ కుదురు లేదు. గింజలు వేయిస్తూనే మాటిమాటికీ కిటికీ దగ్గరికి వెళ్లొచ్చింది. వాళ్ల నాన్నకు ఫైనల్ ఎగ్జిట్ వీసా పడింది. రేపే తండ్రీకూతుళ్లకు మీ దేశానికి ప్రయాణం, మళ్లీ రావడం లేదు.

"ఆడ నాకెవురు తెలుసత్తా? నీ తెలుగొచ్చినంత కూడా మా బాస రాదే నాకు," అంది, చిన్నప్పటినుంచీ పక్కింట్లో నా దగ్గర తిరిగి పట్టుకున్న నా కడప యాసలోనే.

"పోతే అదే వచ్చాదిలే. కూచో," అన్నాను.

కూర్చోలేదు.

మూడో కప్పు దీవెన కప్పని, అది తాగాక చుట్టాలు లేచి వెళ్తారని నువ్వే చెప్పావు. తాగి లేవబోయాను. సమీరా గబగబా అదే మడ్డి మీద మళ్లీ నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది.

"ఇంగోటి తాగత్తా."

అప్పుడు కూర్చుంది, నా ఎదురుగా.

అందులో రంగు తప్ప కాఫీ లేదు, హలీమా. చల్లారిపోయినా ఊదుకుంటూ తాగాను.